నాయనమ్మ పడని పశ్చాత్తాపం

కిందటి వారం దబ్బనాన్ని ప్రార్థన మందిరం మెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. లోపలికి పోదామంటే కాళ్లు రావు, వెనక్కి తిరుగుదామంటే వెనక పెదనాన్న గోడలా నిలబడి ఉన్నాడు.

దబ్బనం అంటే ఆ అమ్మాయి అసలు పేరు కాదని కొత్తగా చదివేవాళ్లకు చెప్పాలి. అసలు పేరు ఒకటుంది. బళ్లో హాజరు పిలిచిన పంతులమ్మ తప్ప దాన్నెవరూ వాడిన పాపాన పోలేదు. పరుపులు కుట్టే పెద్ద సూదిలా సన్నగా, నిటారుగా ఉంటుందనీ, ఎటు పట్టుకున్నా గుచ్చుకుంటుందనీ నాయనమ్మ పెట్టిన పేరది. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే నాయనమ్మే పెంచింది. తన పరుపుల కొట్టులోనే పని నేర్పింది. ఆ నాయనమ్మ ఇప్పుడు లేదు. ఇవాళ ఆమె జ్ఞాపక సభ.

సభకు ఒక మెలిక ఉంది. తాత పోయినప్పుడు, మందిరం పెద్దయ్య ఆయన కోసం ప్రార్థన చేస్తుంటే, నాయనమ్మ మధ్యలో పగలబడి నవ్వింది. దాంతో ఆమె వంతు పోయింది. ఆ మందిరంలో ఇంటికొక ఆడమనిషికి వంతు ఉంటుంది. తన వంతు వచ్చిన వారం ఆమె ముందు బల్ల దగ్గర నిలబడి అందరి తరఫునా దేవుడితో మాట్లాడాలి. వంతు పోయిన మనిషికి ఆ బల్ల దగ్గర జ్ఞాపక సభ జరగదనీ, పోయేలోపు తప్పు ఒప్పుకుని ఉంటేనే జరుగుతుందనీ పెదనాన్న చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. పెద్దయ్య దగ్గరకు వెళ్లి, "మా అమ్మ చివరి ఘడియల్లో పశ్చాత్తాపపడింది. నవ్వినందుకు క్షమించమని ఏడ్చింది. పక్కన ఉన్నది మా తమ్ముడి కూతురు, అదే వచ్చి చెప్తుంది" అని మాట కూడా ఇచ్చి వచ్చాడు.

అందులో ఒక్క మాటే నిజం. పక్కన ఉన్నది దబ్బనమే.

అయినా ఆ పిల్ల సరేనంది. నాయనమ్మను ఆ మందిరం బయట నిలబెట్టినట్టు అవుతుందనే భయంతో సరేనంది. సరేనన్న దగ్గర్నుంచీ అన్నం గొంతు దిగడం లేదు.

"పద" అన్నాడు పెదనాన్న. నీళ్ల సరఫరా ఆఫీసులో సూపర్‌వైజరు ఆయన. పంపులు తిప్పేవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో కూడా ఆయన మాటలన్నీ రెండక్షరాల్లోనే ఉంటాయి. పద. కూర్చో. చాలు.

దబ్బనం లోపలికి నడిచింది.

మందిరం నిండిపోయింది. పొడుగాటి బల్లలు, వాటి ముందు నేల మీద వరసగా మోకాళ్ల దిండ్లు. ఆ దిండ్లన్నీ నాయనమ్మ కుట్టినవే. నీలం గళ్ల గుడ్డ, నాలుగు మూలలా ముడులు. ఏ దిండు ఏ ఏడు కుట్టిందో ముడి చూసి చెప్పగలదు దబ్బనం. చివరి ఏళ్లలో వేళ్లు వంగక నాయనమ్మ ముడులు వదులుగా పడేవి. ఆ వదులు ముడులున్న దిండ్లు వెనక వరసలో ఉన్నాయి. వాటి దగ్గర కూరగాయలామె, ఆమె పక్కన మంగలాయన, అతని పక్కన ఆస్పత్రి ఆయా కూర్చున్నారు. నాయనమ్మ పరుపు మీద పడుకోని మనిషి ఆ గదిలో లేడంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

పెద్దమ్మ ముందు వరస చివర్న కూర్చుని ఉంది. పెదనాన్న భార్య. కూర్చున్న చోట కూడా ఇంకొకరికి జాగా మిగలాలన్నట్టు ఒదిగి కూర్చుంటుందావిడ. దబ్బనం వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

"నేను చెప్పినవి గుర్తున్నాయా?" పెదనాన్న చెవి దగ్గర గొణిగాడు.

"ఉన్నాయి."

"ఒకసారి అను."

"ఇక్కడా? అందరూ చూస్తున్నారు పెదనాన్నా."

"పెదాలు కదపకుండా అను."

"పెదాలు కదపకుండా మాట్లాడేది చేపలే. అవి కూడా కదుపుతాయి."

పెదనాన్న మొహం మాడిపోయింది. "ఇదిగో, ఈ బుద్ధే. అచ్చం ఆమెదే. ఈ ఒక్క పూటా దాన్ని కట్టిపెట్టు."

అచ్చం ఆమెదే అన్న మాట తిట్టులా వచ్చి, దబ్బనం ఒళ్లో బహుమతిలా పడింది.

పెద్దయ్య లేచాడు. మనిషి పొడగరి. తెల్లటి కనుబొమలు రెండు చూరుల్లా కళ్ల మీదికి వాలి ఉంటాయి. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. నవ్వించబోయిన మనిషి ఒకతె ఉండేది, ఆమె సభే ఇది. అందరూ మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆయన కూడా ముందున్న తన దిండు మీద మోకాళ్లు మోపి, చిన్న ప్రార్థన చేసి లేచాడు.

"పెద్ద కొడుకు ముందు మాట్లాడతాడు. తర్వాత మనవరాలు" అన్నాడు.

పెదనాన్న బల్ల దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మ మితభాషి" అన్నాడు.

వెనక వరసలో కూరగాయలామెకు పొలమారింది. మంగలాయన ఆమె వీపు తట్టాడు గానీ, తట్టే చెయ్యి కూడా వణుకుతోంది.

"మా అమ్మ జీవితమంతా ఎవరి జోలికీ పోకుండా, నెమ్మదిగా, తన పనేదో తను చూసుకుంటూ గడిపింది. పెద్దల మాటకు ఏనాడూ ఎదురు చెప్పలేదు."

ఆస్పత్రి ఆయా అటూ ఇటూ చూసింది, పొరపాటున వేరే వాళ్ల సభకు వచ్చానేమోనన్నట్టు.

ఆ చూపు దగ్గరే దబ్బనం చూపు ఆగింది. ఎందుకంటే అచ్చం ఇలాంటి చూపే ఆమె చిన్నప్పుడు ఒకసారి చూసింది. ఇదే గదిలో, ఇదే ముందు వరసలో, నాయనమ్మ మొహం మీద.

తాత సభ అది. తాత ఎలాంటివాడో ఊరికి కొత్తగా చెప్పక్కర్లేదు. వాన పడితే వానను తిట్టేవాడు, పడకపోతే పడనందుకు తిట్టేవాడు. టీ కాచే గిన్నె ఆలస్యంగా మరిగిందని దాని తల్లినీ తండ్రినీ కలిపి తిట్టేవాడు. తిడుతూనే దూది మూటలు మోసేవాడు, తిడుతూనే మనవరాలిని భుజానెక్కించుకునేవాడు. ఆ మనిషిని ముందు పడుకోబెట్టి, పెద్దయ్య కళ్లు మూసుకుని, "దేవా, ఈయన నోట ఏనాడూ పరుషమైన మాట రాలేదు" అన్నాడు. నాయనమ్మ ముందు పెదవి కొరుక్కుంది. తర్వాత చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. "వెన్నలాంటి మాట" అని పెద్దయ్య అనేసరికి రుమాలు నోట్లోంచి ఎగిరిపడింది.

"పెద్దయ్యా, ఒక్కసారి మొహం మీద గుడ్డ తీసి చూడండి. వేరే ఎవరినో తెచ్చినట్టున్నారు!" అని నవ్వింది. నవ్వుతుంటే కళ్లనీళ్లు ధారగా కారాయి. ఆ నీళ్లు ఎవరూ చూడలేదు. నవ్వు మాత్రం అందరూ విన్నారు. "నా మొగుడు తిట్టుబోతు. ఆ తిట్టుబోతే నాకు కావాలి, దేవుడికీ వాడే తెలుసు. ఈ వెన్న మనిషెవరో నాకు తెలీదు" అంది, మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుని.

అంతే. దానికే వంతు పోయింది.

"ఇప్పుడు మా తమ్ముడి కూతురు, అమ్మ చివరి మాటలు మీకు చెప్తుంది" అని ముగించి పెదనాన్న పక్కకు జరిగాడు. జరుగుతూ జరుగుతూ కళ్లతోనే ఒక హెచ్చరిక పారేశాడు.

దబ్బనం బల్ల దగ్గరకు వెళ్లింది. చెక్క చల్లగా ఉంది. పెదనాన్న వంటింట్లో నిలబెట్టి నోటికి పట్టించిన మాటలు వరసగా పెదాల మీదికి వచ్చి నిలబడ్డాయి.

"మా నాయనమ్మ ఆ రోజు సాయంత్రం నన్ను దగ్గరకు పిలిచింది. నా చెయ్యి పట్టుకుని, నేను ఈ మందిరంలో..."

ఆగింది.

"నేను ఈ మందిరంలో నవ్వినందుకు..." అని పెదనాన్న అందించాడు, బళ్లో పద్యం మర్చిపోయిన పిల్లకు అందించినట్టు.

దబ్బనం ఆయన వైపు చూసింది. తర్వాత ముందున్న జనం వైపు చూసింది.

"అనలేదు" అంది.

"ఏంటి?"

"నాయనమ్మ ఆ మాట అనలేదు. నవ్వినందుకు క్షమించమని ఎవర్నీ అడగలేదు. దేవుణ్ణి కూడా. ఇది నాకు పెదనాన్న నేర్పిన మాట. నేర్చుకున్నది నేనే కాబట్టి తప్పు నాది కూడా. కానీ ఇక్కడిదాకా వచ్చి చెప్పలేకపోతున్నాను."

గదిలో బల్లలు కిర్రుమన్నాయి. పెదనాన్న నాలుగంగల్లో బల్ల దగ్గరకు వచ్చాడు.

"కూర్చో."

"కూర్చోను."

"నీకేమన్నా మతి పోయిందా? అందరి ముందూ మా అమ్మ పరువు..."

"మీ అమ్మే కదా పెదనాన్నా, మా తాత మీద మంచి అబద్ధం చెప్తేనే ఒప్పుకోలేదు. అదీ పొగడ్త! మొగుణ్ణి వెన్న అన్నారని ఊరుకోని మనిషి, తనని మితభాషి అంటే ఊరుకుంటుందా? ఈ పాటికి పైన రుమాలు వెతుక్కుంటూ ఉంటుంది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పెదనాన్న అటు తిరిగాడు. కిసుక్కు ఆగింది.

"నవ్వండి, నవ్వండి" అన్నాడాయన. గొంతు మారింది. "మీకు నవ్వే. నా చిన్నప్పుడు బళ్లో నాకు పేరు లేదు, తెలుసా? నవ్వులామె కొడుకు. అదే నా పేరు. ఎవరింట్లో చావైనా, పెళ్లైనా, మా అమ్మ ఏమంది, ఏం చేసింది అని చెప్పుకుని నవ్వేవాళ్లు. ఒక్కసారి, ఈ ఒక్కసారి, నా తల్లిని జనం తల వంచుకుని తలుచుకోవాలనుకున్నాను. అది తప్పా?"

ఆయన కళ్లలో నీళ్లు నిజమైనవే. ఎంత కోపం ఉన్నా, ఆ నీళ్ల మీద అడుగు వేయడానికి దబ్బనానికి మనసొప్పలేదు.

"తప్పు కాదు" అంది కొంచెం మెత్తగా. "కానీ తల వంచుకుని తలుచుకుంటే నాయనమ్మ దొరకదు పెదనాన్నా. అక్కడ ఉండదామె. మీరు తీసుకురాకపోతే నేను తీసుకొస్తాను. వినండి."

తర్వాత ఎవరి అనుమతీ అడగలేదు.

"మా కొట్టులో ఒక పద్ధతి ఉంది" అని మొదలుపెట్టింది. "పరుపు కుట్టడం అయ్యాక నాయనమ్మ దాని మీద దొర్లేది. ఈ చివర్నుంచి ఆ చివరికి. దొర్లకుండా అమ్మితే పాపం అనేది. కొనేవాళ్లు ఎదురుగా నిలబడి ఉన్నా సరే. డాక్టరుగారు వచ్చి నిలబడి ఉంటే, 'అయ్యా, కాస్త అటు తిరగండి, నేను దొర్లాలి' అంది. ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. ఉన్నారా డాక్టరుగారు?"

"ఉన్నాను" అన్నాడు మధ్య వరసలో బట్టతలాయన. "గోడ వైపు తిరిగాను. నడుము దగ్గర దూది తక్కువైందని విప్పి మళ్లీ కుట్టింది."

"దొర్లేటప్పుడు దేవుడితో మాట్లాడేది. అదీ పద్ధతే. దీని మీద ఎవరు పడుకుంటారో వాళ్ల పేరు చెప్పి వాళ్ల కోసం అడిగేది. కొత్తగా పెళ్లయినవాళ్లకైతే, 'దేవా, వీళ్లకు ఎటూ పోట్లాటలొస్తాయి, నువ్వు మధ్యలో దూరకు, కాసేపయ్యాక వాళ్లే సర్దుకుంటారు' అనేది. బాలింతలకైతే, 'దేవా, ఈ పిల్లకి నిద్రనివ్వు, ఆ బుడ్డోణ్ణి కాసేపు నువ్వు ఆడించు' అనేది."

వెనక ఆస్పత్రి ఆయా కళ్లొత్తుకుంటూ నవ్వింది. "నాకూ అదే అడిగింది" అంది పైకే.

"ఏడుపు ప్రార్థనలు వినీ వినీ దేవుడికి విసుగొచ్చి ఉంటుందని, ప్రతి ప్రార్థన చివరా ఒక జోకు చెప్పేది మా నాయనమ్మ. పాతది చెప్పేది కాదు. పాతది ఆయనకు తెలుసు కదా అనేది. రాత్రి పడుకునే ముందు మంచం మీద కూర్చుని, 'ఇవాళ జోకు దొరకలేదు దేవా, రేపు రెండు చెప్తా' అని బాకీ పెట్టిన రోజులున్నాయి. అది నమ్మకం కాదంటే ఏది నమ్మకమో నాకు తెలీదు. భయపడేవాళ్లు దేవుడి గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. మా నాయనమ్మ వంటింటి తలుపు తోసుకుని లోపలికి వెళ్లేది."

పెదనాన్న గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

"ఇంకొకటుంది" అంది దబ్బనం. పెద్దయ్య వైపు చూసింది. ఇది చెప్పాక వెనక్కి తీసుకోవడానికి ఉండదు. "ఇది మీకు సంబంధించింది పెద్దయ్యగారూ. చెప్పమంటారా?"

చూరుల్లాంటి కనుబొమలు కొంచెం లేచాయి. "చెప్పు."

"మీ మోకాళ్ల దిండులో ఉన్నది ఏకిన దూది కాదు. ఏకని పత్తి. గింజలతో సహా."

దబ్బనం ఆయన కాళ్ల దగ్గరున్న దిండు వైపు వేలు చూపించింది.

"మీ ప్రార్థనలు చాలా పొడుగ్గా ఉండేవి. వెనక వరస ముసలమ్మలు లేవలేక ఒకరి భుజాలు ఒకరు పట్టుకునేవాళ్లు. మీకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఒక ఏడు నాయనమ్మ దిండ్లన్నీ మార్చింది. అందరికీ మెత్తగా కుట్టింది. మీ ఒక్కరి దాంట్లో మాత్రం గింజల పత్తి కూరింది. నేనే గుప్పిళ్లతో అందించాను. 'ఆయన దేవుడికి ఎక్కువ చెప్తున్నాడే, దేవుడికి వేరే పనులుంటాయి' అంది. ఆ ఏటి నుంచీ మీ ప్రార్థనలు పొట్టివయ్యాయి. ఊరంతా మీకు జ్ఞానం పండిందనుకున్నారు."

ముందు మంగలాయన నవ్వాడు. ఆపుకుందామని చూసి, ఆపలేక, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అతని నుంచి డాక్టరుకు, డాక్టరు నుంచి ముసలమ్మల వరసకు అంటుకుంది. మందిరంలో ఎప్పుడూ వినని చప్పుడు అది. పైకప్పు దాకా వెళ్లి మళ్లీ కిందికి పడుతోంది.

"ఛీ!" అని పెదనాన్న అరిచాడు. "పెద్దయ్యగారూ, క్షమించండి. దీన్ని ఇప్పుడే బయటికి..."

"ఆగు" అన్నాడు పెద్దయ్య.

ఆయన లేచి నిలబడ్డాడు. నవ్వు అణిగిపోయింది. నెమ్మదిగా వంగి తన దిండు తీసుకుని, బొటనవేలితో ఒత్తి చూశాడు. గింజలు లోపల కరకరలాడాయి.

"నాకు తెలుసు" అన్నాడు. "మొదటి వారమే తెలిసింది. మోకాళ్లకు తెలీకుండా ఉంటుందా?"

"మరి మార్పించుకోలేదేం?" అంది దబ్బనం, ఆపుకోలేక.

"ప్రార్థన పొడుగైందని నాతో చెప్పగలిగిన మనిషి ఈ మందిరంలో ఒక్కరే దొరికారు. ఆవిడ నా చెవులతో చెప్పి లాభం లేదని మోకాళ్లతో చెప్పింది. ఆ దిండు తీసేస్తే మళ్లీ ఎవరు చెప్తారు?" దిండు కింద పెట్టాడు. "మీ తాత సభలో నేను చెప్పింది అబద్ధమే. చనిపోయిన మనిషికి మంచి చేస్తున్నాననుకున్నాను. ఆవిడ నవ్వేసరికి నా పెద్దరికం పోయినట్టనిపించి వంతు తీసేశాను. నెల తిరక్కుండానే తప్పు తెలిసింది. నేనే మీ కొట్టుకు వెళ్లాను. వంతు మళ్లీ తీసుకోమన్నాను."

పెదనాన్న గోడ వదిలి ముందుకు వచ్చాడు. "మీరు వెళ్లారా? అమ్మ నాకు చెప్పలేదే!"

"నువ్వు అడిగావా?"

పెదనాన్న మళ్లీ గోడకు ఆనుకున్నాడు.

"ఆవిడ వద్దంది" అన్నాడు పెద్దయ్య. "'నాకు దేవుడితో మాట్లాడటానికి బల్ల అక్కర్లేదు, పరుపుంది. మా ఇంటి వంతు మా పెద్ద కోడలికివ్వండి. దానికి ఇంట్లో నోరు లేదు. నెలకోసారైనా దాని గొంతు దానికి వినపడనివ్వండి' అంది. వంతు పోయిందనే ఊరంతా అనుకోనివ్వమంది. లేకపోతే తను ఉండగా నీ భార్యను నువ్వు ఇక్కడ నిలబడనివ్వవట. అందుకే నేను నోరెత్తలేదు. మొన్న నువ్వొచ్చి పశ్చాత్తాపం అంటే, నిజమేమో, చివరి క్షణంలో ఎవరి మనసు ఎటు పోతుందో అనుకున్నాను." దబ్బనం వైపు తిరిగాడు. "ఇంతకీ ఆవిడ చివరి మాటేంటమ్మా?"

దబ్బనం బల్ల అంచు పట్టుకుంది.

"ఆస్పత్రి పరుపు మీద చెయ్యేసి తడిమింది. 'దీన్నెవడు కుట్టాడే? చచ్చేవాణ్ణి కూడా నిద్రపోనిచ్చేలా లేడు' అంది. తర్వాత కళ్లు మూసుకుని, 'దేవా, వస్తున్నా. పరుపుల సంగతి నేను చూసుకుంటా, కబుర్ల సంగతి నువ్వు చూసుకో' అంది. నవ్వు మొహం అలాగే ఉండిపోయింది. నర్సు వచ్చి చూసి, నిద్రపోతోందనుకుని దుప్పటి సర్ది వెళ్లింది."

వెనక వరసలో ఒక ముసలమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని గొంతుతో, "అదీ మా నవ్వులామె" అంది. ఆ పేరు విని పెదనాన్న ఉలిక్కిపడ్డాడు. ఆ పేరును ఎవరైనా అంత ముద్దుగా అనగలరని ఆయనకు తెలిసింది బహుశా అప్పుడే.

దబ్బనం బల్ల దగ్గర్నుంచి వచ్చేద్దామనుకుంది. చెప్పాల్సింది చెప్పేసింది. ఇక పెదనాన్న కొట్టుకు తాళం వేసినా, గుమ్మం తొక్కొద్దన్నా పడటానికి సిద్ధంగానే ఉంది. అంతలో ముందు వరస చివర్న గుడ్డల చప్పుడైంది.

పెద్దమ్మ లేచి నిలబడింది.

వంతు వచ్చిన వారాల్లో కూడా ఆవిడ ఒక్క ముక్క చెప్పి, నేల చూస్తూ వచ్చి కూర్చునేది. ఇవాళ నేల చూడటం లేదు. దబ్బనం పక్కకు వచ్చి నిలబడి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. పెద్దమ్మ చెయ్యి చల్లగా, చెమటగా ఉంది. కానీ పట్టు గట్టిగా ఉంది.

"ఆయన చెప్పిన దాంట్లో ఒక మాట నిజం" అంది పెద్దమ్మ. "అత్తయ్య పశ్చాత్తాపపడింది."

దబ్బనం గిర్రున తిరిగి చూసింది. పెదనాన్న మొహం ఒక్కసారిగా వెలిగింది. "చెప్పు, చెప్పు! వినండి అందరూ..."

"నవ్వినందుకు కాదు" అంది పెద్దమ్మ. "నోరు మూసుకున్నందుకు. జీవితంలో ఒక్కసారే మూసుకుందట. దానికి మాత్రం నా దగ్గర కూర్చుని, నా కాళ్లు పట్టుకోబోయి ఏడ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ముందు రోజు. అప్పటిదాకా నాకా సంగతే తెలీదు."

"ఏ సంగతి పెద్దమ్మా?"

పెద్దమ్మ మొగుడి వైపు చూసింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన మొహంలోకి అలా సూటిగా చూసి ఉండదు.

"మా అమ్మ పోయిన కబురు" అంది. "మన ఇంటికి మీ ఆఫీసు పెద్దలు విందుకొచ్చిన రోజు తెచ్చారట మా ఊరివాళ్లు. మా అమ్మను సాగనంపకుండా ఆగుతాం, కూతుర్ని పంపమన్నారట. గుమ్మంలోంచే తిప్పి పంపేశారు మీరు. లోపల నేను నవ్వుతూ వడ్డిస్తున్నాను. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది. కబురు ఆలస్యంగా వచ్చిందన్నారు. ఇన్నేళ్లూ అదే నమ్మాను. ఆ గుమ్మం పక్కన నిలబడి అత్తయ్య అంతా వింది."

పెదనాన్న మొహంలో వెలుగు పోయింది. రంగు కూడా పోయింది. బల్ల వైపు రెండడుగులు వేశాడు. ఎప్పుడూ రెండక్షరాల్లో మాట్లాడే మనిషి, ఆ రెండక్షరాలు కూడా దొరక్క తడుముకున్నాడు.

"ఇక్కడ వద్దు" అన్నాడు. బతిమాలుతున్నాడు. ఆయన గొంతులో ఆ తీరు దబ్బనం ఎన్నడూ వినలేదు. "ఇంటికెళ్దాం పద. నేనే అంతా చెప్తాను. నీకు తెలీనిది ఇంకా ఉంది. వద్దే, ఇక్కడ వద్దు."

పెద్దమ్మ దబ్బనం చెయ్యి వదల్లేదు.

"ఇక్కడే" అంది.